ముక్కుగారి ఇంట్లో గులాబీ నూనె

లేవకండి, లేవకండి. మీరు పేపరు చదువుకోండి. ఇల్లు పూర్తిగా అంటుకున్నాక నేనే వచ్చి చెప్తాలెండి, అప్పుడు తీరిగ్గా లేద్దురుగాని.

ఇదిగో, ఈ గిన్నె చూడండి. చూశారా? ఇవి పాలు కావు, బొగ్గు. పొంగాయి, ఇంకాయి, మాడాయి, ఆఖరికి గిన్నె అడుగు కూడా కాలింది. వంటింట్లో నా చెయ్యి నాకు కనబడలేదు. మీరేమో చెయ్యి చాస్తే స్టవ్వు అందే దూరంలో కుర్చీ వేసుకుని, కాలు మీద కాలు వేసుకుని!

మేడ మీద బట్టలు తీసుకొస్తాను, కాస్త పాలు చూస్తూ ఉండండి అన్నాను. ఊఁ అన్నారు. చూడకపోతే పోనీ. మగవాళ్లకి పాలు చూడటం చేతకాదని లోకం ఎప్పుడో ఒప్పుకుంది. కానీ వాసన! వాసన రాలేదూ మీకు?

ఏమిటీ? కళ్లు మండుతుంటే అక్షరాలు మరీ చిన్నవి అచ్చేశారేమో అనుకున్నారా? హవ్వ! పొగలో కూర్చుని పేపరువాళ్లని తిట్టుకున్న మనిషిని మిమ్మల్నే చూశాను.

పక్కింటావిడ గోడ అవతల్నుంచి కేకేసింది, "ఏదో మాడుతోందమ్మా" అని. ఆవిడకి వచ్చింది వాసన. వీధిలో పోయే కుక్కకి వచ్చింది, మన గుమ్మం ముందు ఆగి, తుమ్మి, దారి మార్చుకుని పోయింది. ముక్కుగారికి మాత్రం రాలేదు.

ముక్కుగారు! అసలు ఎవరండీ మీరు? మీ నోటితో ఒకసారి చెప్పండి. చెప్పరా? నేను చెప్తాను. అంత పెద్ద టీపొడి కంపెనీలో ఏ మూట లోపలికి రావాలో, ఏ మూట వచ్చిన దారినే పోవాలో తేల్చే మనిషి. బల్ల మీద తెల్ల కప్పులు వరసగా పెట్టించి, ఒక్కొక్క దాంట్లోంచి చెంచాడు తీసుకుని, జుర్రున పీల్చి, తుపుక్కున ఉమ్మి, "దీంట్లో పొగ ఉంది", "దీన్ని సబ్బు పెట్టెల పక్కన పెట్టి తెచ్చారు" అని చెప్పే మనిషి. ఓనరుగారు ఎవరి మాటయినా కాదంటారు గానీ మీ మాట కాదనరు. నన్ను కూరగాయలతను ఏమని పిలుస్తాడో తెలుసా? ముక్కుగారమ్మా అని!

ఆ ముక్కు కోసం ఈ ఇంట్లో ఏమేం జరిగాయో గుర్తు చెయ్యమంటారా? వాసన సబ్బు లేదు. ఒంటికీ గిన్నెలకీ ఒకటే సబ్బు. పౌడరు లేదు. వాసన నూనె లేదు. పూలకుండీ లేదు. ఉల్లిపాయ సెలవు రోజునే. వెల్లుల్లి అయితే నేను పుట్టింటికి వెళ్లినప్పుడే.

మన అమ్మాయి చిన్నప్పుడు బళ్లో ఎవరో ఇచ్చారని పండు వాసన వచ్చే రబ్బరు తెచ్చుకుంటే, ఆ ఒక్క రబ్బరు కోసం పిల్ల పుస్తకాల సంచీ మొత్తం బాల్కనీలో ఆరబెట్టారు. "చెరపడానికి కాదు నాన్నా, వాసన చూసుకోవడానికి" అని అది వెక్కి వెక్కి ఏడిచింది. "ఇంకా నయం" అన్నారు మీరు.

మీ సొంత చెల్లెలు పౌడరు రాసుకొచ్చిందని మెట్ల మీద కూర్చోబెట్టి, కిటికీ ఊచల్లోంచి క్షేమసమాచారాలు అడిగారు. చూసినవాళ్లు జైల్లో ములాఖత్తు అనుకున్నారు. అయితే లోపలున్నది ఎవరో, బయటున్నది ఎవరో తేలలేదు పాపం.

నేను ఎదురు చెప్పానా? లేదు. నాకూ నియమం అంటే గౌరవమే. వంటమనిషి చేతులు కడుక్కోవాలి, డ్రైవరు తాగకూడదు, ముక్కుతో బతికే మనిషి ముక్కుని కాపాడుకోవాలి. ఒకరి పని కోసం ఇల్లంతా ఒక పద్ధతికి కట్టుబడితే అందులో తప్పేం ఉంది? ఆ పని నిజంగా జరుగుతున్నంతకాలం తప్పు లేదు. అందుకే ఈ ఇంట్లో ఇన్నేళ్లూ రంగూ వాసనా లేని నీళ్లలాగా బతికాను.

ఊఁ, వినండి. పేపరు పక్కన పెట్టండి. అది తలకిందులుగా ఉంది కూడా.

ఆ తర్వాత నాకు ఈ పిచ్చి మొదలయింది. పిచ్చి కాదు అంటుంది డాక్టరమ్మ, ఈ వయసులో ఆడవాళ్లకి వచ్చేదే అంటుంది. వచ్చేదే అయితే మాత్రం, మరీ ఇంత హంగామా చేసుకుంటూ రావాలా? కూర్చున్నదాన్ని కూర్చున్నట్టే గుండె దడ. ఎవరో వెంట పడి తరుముతున్నట్టు. తిరిగి చూస్తే ఎవరూ ఉండరు, మీరు గోళ్లు తీసుకుంటూ ఉంటారు.

పొద్దున్నే కూనిరాగం తీస్తూ లేస్తానా, పళ్లు తోముకునేలోపే ఏడుపు. మీ చొక్కా గుండీ ఊడిందని ఏడ్చాను. కుట్టాక, ఎంత బాగా కుట్టానో అని ఏడ్చాను. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికితే, ఊపిరాడక సగం దారిలో దిగిపోయాను. ఇస్త్రీపెట్టెతో పోట్లాడాను. అది తిరిగి ఒక్క మాట అనలేదు. "దాన్ని చూసే నేనూ ఊరుకోవడం నేర్చుకున్నాను" అన్నారు మీరు. అన్నారా లేదా? నాకు అన్నీ గుర్తే.

డాక్టరమ్మ గుండె చూసింది, రక్తం చూసింది. అంతా బాగుందమ్మా అంది. అంతా బాగుంటే నేనెందుకొస్తాను డాక్టరమ్మా అన్నాను. నవ్వింది. రోజూ నడవమంది, వేళకి పడుకోమంది, దానికీ తగ్గకపోతే మందు ఇస్తానంది. ఇంకో మాట కూడా చెప్పింది. "మీకు బాగా ఇష్టమైన వాసన ఏదైనా ఉందా? దడ మొదలైనప్పుడు అది దగ్గర పెట్టుకుని నిదానంగా ఊపిరి తీసుకోండి. దాంతో జబ్బు పోదు. కానీ ఆ కాసేపు గండం గడుస్తుంది. బస్సు ఊగుతున్నప్పుడు పట్టుకోవడానికి కమ్మీ దొరికినట్టు."

నేను ముక్కున వేలేసుకున్నాను. మా ఇంట్లో దొంగతనం చేసినా ఊరుకుంటారేమో గానీ వాసన తెస్తే ఊరుకోరమ్మా అన్నాను. "మీవారికి విడమరిచి చెప్పండి, అర్థం చేసుకుంటారు" అంది. ఇంకా పెళ్లి కాలేదు ఆ అమ్మాయికి.

సరే, కొట్టుకైతే వెళ్లాను. నీకు ఏ వాసన ఇష్టం అంటే చెప్పలేకపోయానండీ! ఎన్నేళ్లయింది నన్ను ఆ మాట ఎవరైనా అడిగి? కొట్లో అమ్మాయి ఒక్కొక్క సీసా మూత తీసి చూపిస్తుంటే, పరీక్షలో ఏమీ రానిదానిలా నిలబడ్డాను. నిమ్మ అంది. ఊఁ అన్నాను. పుదీనా అంది. ఊఁ అన్నాను. గులాబీ మూత తీసింది. ఊఁ అనడం మర్చిపోయాను. ఇంకోటి చూపించబోతే చెయ్యి పట్టుకుని ఆపాను.

ఇక అక్కడినుంచి నా అవస్థ చూడాలి! ఇద్దరు పెళ్లాలని వేరు వేరు వీధుల్లో కాపురం పెట్టినవాడు కూడా అన్ని జాగ్రత్తలు పడడు. సీసా కుట్టుమిషను సొరుగులో, మిషను నూనె డబ్బా వెనకాల. దూదిముక్క మీద ఒక చుక్క వేసి గుండీల డబ్బాలో దాచడం. దడ రాగానే ఆ డబ్బా పట్టుకుని మేడెక్కడం. వేలు తడిపి, గాలి ఎటు పోతోందో చూసుకుని, మన ఇంటికి వీపు పెట్టి వాసన చూడటం. మళ్లీ చేతులు సోడాపొడితో రుద్ది కడుక్కోవడం.

పనిచేసిందా అంటే, చేసింది. కళ్లు మూసుకుని ఆ దూది దగ్గర పెట్టుకుంటే, తరుముతున్నవాళ్లెవరో వీధి మలుపులో ఆగినట్టు ఉండేది. పోయేవాళ్లు కాదు. ఆగేవాళ్లు. కానీ కిందికి దిగేసరికి ఇంకో భయం. దడ తగ్గడానికి వాసన, ఆ వాసన మీకు దొరికిపోతుందని మళ్లీ దడ! రోగమూ మందూ రెండూ కలిసి నాతో తొక్కుడుబిళ్ల ఆడుకున్నాయి.

ఆ ఆదివారం మధ్యాహ్నం గుర్తుందా? మీకెందుకుంటుంది. పక్క సర్దుతున్నాను, చేతిలో సీసా ఉంది, మెట్ల మీద మీ చెప్పుల చప్పుడు. ఉలిక్కిపడ్డాను. సీసా మీ దిండు మీద ఒలికింది. చుక్కా రెండు చుక్కలా, దిండు తాగేసింది! మార్చడానికి ఉతికిన గలీబు లేదు. మీరొచ్చారు. పడుకున్నారు. దిండులో మొహం పెట్టి, గట్టిగా ఊపిరి తీసుకున్నారు.

నేను తలుపు చాటున నిలబడి, పుట్టింటికి ఏ బట్టలు సర్దుకోవాలో కూడా అనుకున్నాను.

మీరు గురక పెట్టారు.

లేచాక, "ఇవాళ మంచి నిద్ర పట్టింది" అన్నారు. అంతే అన్నారు. టీ అడిగారు. నేను వంటింట్లోకి వెళ్లి, కొళాయి తిప్పి, ఆ చప్పుడులో ఏడ్చాను. ఎన్నాళ్లకో ఒక కారణం ఉండి ఏడ్చాను.

వీధి చివర ఎవరింట్లో అగ్గిపుల్ల గీసినా చెప్పే మనిషికి తలకింద గులాబీ తెలియకుండా ఉంటుందా? తెలిసింది. తెలిసీ ఊరుకున్నారు. నా అవస్థ చూసి, తన పంతం పక్కన పెట్టి, నోటితో అనకుండా, మంచి నిద్ర పట్టిందని ఒక్క మాటతో సరిపెట్టారు. చెప్పుకోవడం ఆయన పద్ధతి కాదు, చెయ్యడమే పద్ధతి. ఇదండీ నేను అనుకున్నది. ఇలా అనుకుని ఎంత పొంగిపోయానో మీకు తెలియదు.

అప్పటినుంచి ధైర్యం వచ్చింది. సీసా సొరుగులోంచి అద్దం ముందుకి వచ్చింది. తెరల మీద ఒక చుక్క. ఇల్లు తుడిచే నీళ్లలో ఒక చుక్క. వాసన సబ్బు కూడా తెచ్చాను. మీరు అంత వాసన మధ్యా మహారాజులా కూర్చుని పేపరు చదువుకున్నారు. మీ చెల్లెలు పౌడరు రాసుకుని వస్తే, లోపలికి రామ్మా అన్నాను. బెదురు బెదురుగా సోఫా మీద కూర్చుని, చేత్తో తడిమి చూసుకుంది. "వదినా, ఇది ఇంత మెత్తగా ఉంటుందా!" అంది.

దడ తగ్గింది. బస్సులో చివరిదాకా వెళ్లాను, కిటికీ పక్కనే కూర్చుని. ఇస్త్రీపెట్టెకీ నాకూ మాటలు కలిశాయి. డాక్టరమ్మ అడిగితే, "సగం ఆ సీసా, సగం మా ఆయన" అన్నాను. అన్నానండీ ఆ మాట! గొప్పగా అన్నాను!

ఆ రోజుల్లోనే చెప్పులకొట్లో మీ చిన్నముక్కు కలిసింది. అదే, మీ కింద పనిచేసే అమ్మాయి. నా చెయ్యి పట్టుకుంది. "సార్ ఎంత మారిపోయారో ఆంటీ! ఇదివరకు నేను నోరు తెరవబోతే చెంచాతో బల్ల మీద కొట్టేవారు. ఇప్పుడు ప్రతి కప్పుకీ ముందు నన్నే అడుగుతున్నారు, నువ్వు చెప్పు చూద్దాం అని. చెప్తే, ఊఁ, సరిగ్గా చెప్పావు అంటున్నారు. ఒక్కసారి కూడా తప్పు పట్టలేదు" అని కళ్లనీళ్లు పెట్టుకుంది. మా ఇంట్లోనూ అంతేనమ్మా అని నేనూ పెట్టుకున్నాను. ఇద్దరం కొట్టు మధ్యలో నిలబడి మీ మంచితనానికి ఏడ్చాం. కొట్టాయన పరిగెత్తుకొచ్చాడు, కొత్త చెప్పులు కరిచాయేమోనని.

ఇందాక ఆ పొగలోంచి మిమ్మల్ని చూస్తుంటే ఆ చెప్పులకొట్టు కళ్లముందుకొచ్చింది. నువ్వు చెప్పు చూద్దాం! నువ్వు చెప్పు చూద్దాం! ఆ అడగడం మంచితనమేనా, తెలియక అడగడమా అని అప్పుడు తట్టింది.

అందుకే కళ్లు మూసుకోండి అన్నాను. ఎందుకూ అన్నారు. మూసుకోండి అన్నాను. సగం కోసిన ఉల్లిపాయ తెచ్చి మీ ముక్కుకి ఆనించాను. ఏమిటిది చెప్పండి అన్నాను. మీరు దీర్ఘంగా పీల్చి, తల పంకించి, ఆఫీసులో బల్ల ముందు కూర్చున్నంత దర్జాగా, "నీ గులాబీ నూనేగా" అన్నారు.

ఉల్లిపాయండీ! ఉల్లిపాయ! కళ్లెంట ధారగా నీళ్లు కారుతుంటే గులాబీట!

నవ్వు ఆగలేదు నాకు. స్టవ్వు గట్టు పట్టుకుని నవ్వాను. ఆ నవ్వు ఎలా తిరిగిందో, ఎక్కడ ఆగిందో మీరు చూశారుగా. మళ్లీ చెప్పించకండి.

ఎప్పటినుంచి? చలికాలంలో ఆ జలుబు చేసినప్పటినుంచేనా? అన్నాళ్లా? ఎవరికీ చెప్పకుండా? డాక్టరు దగ్గరికైనా వెళ్లకుండా? వెళ్తే ఆ నోటా ఈ నోటా కంపెనీలో తెలుస్తుందనా? గ్యాసు లీకయి ఉంటేనో? నేను మేడ మీద, మీరు పేపరులో!

అంటే మీరు నా కోసం మనసు మార్చుకోలేదు. నన్ను క్షమించనూ లేదు. క్షమించడానికి నా నేరం మీదాకా రానేలేదు. ఒక మూసుకుపోయిన ముక్కుకి దణ్ణం పెట్టుకుంటూ ఇన్ని నెలలు మీకిష్టమైన కూరలు వండాను నేను. ఉప్పు ఎక్కువైనా మీరు పట్టించుకోకపోతే అదీ ప్రేమే అనుకున్నాను!

సరే. నా సంగతి వదిలెయ్యండి. నేను మోసపోయింది నా ఇంట్లో, నా మొగుడి దగ్గర. అది మనం మనం చూసుకుందాం. మీ కంపెనీ గోదాము చూసుకునే ఆయన సంగతి ఏమిటి?

అదిగో, మొహం తిప్పకండి. ఇటు చూడండి.

చిన్నముక్కు సెలవు పెట్టిన రోజు వచ్చిన సరుకు. ఆ రోజు నువ్వు చెప్పు చూద్దాం అనడానికి పక్కన ఎవరూ లేరు. మీరే జుర్రారు, మీరే ఉమ్మారు, రంగు చూసి, ఆకు నలిపి, బాగుంది అన్నారు. అవునా? పొట్లాలు కట్టి కొట్లకి పంపాక గొడవ మొదలయింది. టీ కాస్తే తడి గోనె కంపు కొడుతోందని అన్నీ వెనక్కి పంపారు. ముక్కుగారు బాగుందన్నారంటే బాగున్నట్టే. అంటే ఆ తర్వాతే పాడయింది. అంటే గోదాములో తడిసింది. అంటే తప్పు గోదాము ఆయనదే. ఎంత చక్కగా అతికిందండీ! అబద్ధం అతకదంటారు గానీ, మంచి పేరున్న మనిషి పక్కనుంటే బ్రహ్మాండంగా అతుకుతుంది.

రేపు పొద్దున ఓనరుగారు మీ ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెడతారు. "మీరు చూసినప్పుడు సరుకు బాగుందా?" అని మిమ్మల్ని అడుగుతారు. మీరు అవును అంటే చాలు, ఆయన ఉద్యోగం ఊడుతుంది. అదొక్కటే కాదు, సరుకు తడిపినవాడు అన్న పేరు వెంట పడుతుంది. ఇంకే గోదాములో పెట్టుకుంటారు ఆయన్ని?

నిన్న కూడా వచ్చాడు పాపం. మీరు తెర వెనక నిలబడి, లేనని చెప్పు అన్నారు. చెప్పాను. తెర కింద మీ పాదాలు కనబడుతున్నాయి! ఆయన చూశాడు. చూసి, నాతో కాదు, ఆ పాదాలతోనే చెప్పాడు. "సార్ వచ్చాక చెప్పండమ్మా. పైకప్పు నేనే స్వయంగా ఎక్కి చూశాను. ఎక్కడా చుక్క కారలేదు. నేను అబద్ధం చెప్పే మనిషిని కానని సార్‌కి తెలుసు." మీ కాలి బొటనవేలు కదిలింది. అదీ చూశాం, నేనూ ఆయనా.

అబద్ధం ఆడినందుకు నాకు సిగ్గేసింది. అయినా సర్ది చెప్పుకున్నాను. నిక్కచ్చి మనిషి కదా, విచారణకి ముందు కలిస్తే పక్షపాతం అనుకుంటారని దాక్కున్నారు అనుకున్నాను. చూశారా, మీకు మంచితనం అంటగట్టడానికి నా బుర్ర ఎంత చురుగ్గా పనిచేసిందో!

ఏం, చేతులు వెనక్కి దాచేస్తున్నారేం?

ఏమిటా చేతులు? ఇటివ్వండి. ఇవ్వండి చెప్తాను. అయ్యో, చల్లబడిపోయాయి. అరచేతులు తడిసిపోయాయి. గుండె? ఊఁ. గొంతు దగ్గర కొట్టుకుంటోందా? ఎవరో వెనకనుంచి వస్తున్నట్టు ఉందా?

తెలుసు. నాకు తెలుసు. దీంట్లో మీకంటే నేను సీనియర్ని.

తెల్లవారకుండా లేచి కూర్చుంటుంటే, ఆఫీసు మీద శ్రద్ధ అనుకున్నాను. కంచంలో సగం వదిలేస్తుంటే, వయసులో మితం మంచిదే అనుకున్నాను. ఒకే మంచం మీద ఇటు నేను, అటు మీరు, ఇద్దరికీ అదే దడ. నేను నా గులాబీలో మునిగి ఇటు తిరిగి పడుకున్నాను.

నాకైతే ఓ సీసా ఉంది. మీకేం ఇవ్వను? మొత్తం ఒంపినా మీకు చేరదే! లోకంలో అందరికీ ఉన్న మార్గం మీకొక్కరికే లేకపోయింది, ముక్కుగారూ. ఊరికే ఇలా పట్టుకుంటాను. నిదానంగా పీల్చండి. వాసన లేకపోతే పోనివ్వండి, గాలి వస్తుందిగా. ఊఁ, వదలండి. మళ్లీ. కప్పులో టీ పీల్చినట్టు జుర్రకండి, మామూలుగా.

ఏమన్నారు? ముక్కు పోయాక ముక్కుగారిని ఎవరు లెక్కచేస్తారు అంటారా?

వినండి. ముక్కు పోవడం తప్పు కాదు. కాలు విరిగినవాణ్ణి ఎవరైనా తిడతారా? విరిగిన కాలుతోనే బస్సు నడుపుతానని స్టీరింగు పట్టుకుని కూర్చుంటే తిడతారు. ఎక్కినవాళ్లు పడిపోయాక, తప్పు కండక్టరుది అంటే ఉమ్మేస్తారు. అంతే తేడా. ఉద్యోగం పోతే పోతుంది. కుట్టుమిషను ఉంది, చేతులున్నాయి. సగం తిందాం. ఎలాగూ మీకు రుచి తెలియదు కనక మంచి ముక్కలు నేను తింటాను.

నవ్వారు. ఫరవాలేదు, నవ్వండి. నవ్వితే తప్పేం లేదు. నవ్వి వదిలేస్తేనే తప్పు.

ఆఁ? మళ్లీ చెప్పండి?

సీసా చూశారా? ఎప్పుడు? కుట్టుమిషను సొరుగులోనా? కత్తెర కోసం వెతుకుతుంటే? దాని మీద గులాబీ బొమ్మ చూసి... అంటే ఆ ఆదివారానికి ముందే తెలుసా మీకు?

చూసి ఎందుకు ఊరుకున్నారు మరి? సీసా బయటపెట్టి గొడవ చేస్తే, ఇన్నాళ్లూ వాసన రాలేదా అని నేను ఎదురడుగుతానని. అంతేగా? భయం. నాకు తెలుసు.

ఏమిటీ? అదొక్కటే కాదా? నేను... నేను మేడ దిగి వచ్చేటప్పుడు కూనిరాగం తీస్తున్నానా? అది విని ఊరుకున్నారా?

ఇదిగో, చూడండి. ఇలాంటి మాటలు ఇప్పుడు చెప్పకండి. నేను కోపంగా ఉన్నాను. గిన్నె ఇంకా తోమలేదు. ఇది నిజమో, నన్ను చల్లార్చడానికి అల్లిందో నాకెలా తెలుస్తుంది? రేపు ఓనరుగారి ముందు మీరు ఏం చెప్తారో చూస్తాను. అక్కడ నిజం చెప్తే, ఇదీ నిజమేనని నమ్ముతాను. అక్కడ అవును అన్నారో, ఇదీ చెత్తబుట్టలోకే. పదిమంది ముందు అబద్ధం చెప్పిన నోట్లోంచి నా వాటా నిజాన్ని ఏరుకోవడం నాకు చేతకాదు.

అదిగో, గంట.

గోదాము ఆయనే. నేనే రమ్మన్నాను. పొద్దున కూరగాయల బండి దగ్గర తలవంచుకుని పోతుంటే, "సాయంత్రం రండి, ఇవాళ ఆయన తప్పకుండా ఉంటారు" అన్నాను. అప్పటికి నాకు పాల సంగతీ తెలియదు, ముక్కు సంగతీ తెలియదు. మీ నోటినుంచి ఆయనకి రెండు మంచి మాటలు ఇప్పిద్దామనుకున్నాను.

అటు చూడకండి. తెర ఉతికేశాను, ఇంకా ఆరలేదు.

ముందు ఆయనకి చెప్పండి. రేపు ఓనరుగారికి చెప్పొచ్చు. ఎవరి మెడ మీద కత్తి పెట్టామో వాళ్లకే ముందు చెప్పాలి. నేను పక్కనే నిలబడతాను. ఒక్క మాట కూడా అందించను. మీరే చెప్పాలి. "నువ్వు చెప్పు చూద్దాం" అనిపించుకునే రకం కాదు నేను.

ఆగండి. ఒక్క క్షణం. మీరు ఒక నిజం చెప్పడానికి వెళ్తున్నారు కదా, నేను మాత్రం దాచుకుంటే ఏం న్యాయం?

రేపో ఎల్లుండో ముక్కు డాక్టరుకి చూపిద్దాం. కొందరికి మళ్లీ వస్తుందట. రావాలి. మీ చెల్లెలు అడిగితే రావాలనే అంటాను, చిన్నముక్కు అడిగితే రావాలనే అంటాను. కానీ లోపల నాకు రావాలని లేదండీ. ఆ ముక్కుతో ఇన్నేళ్లు కాపురం చేశాను. అది లేని మీతో ఈ కొన్ని నెలలే. ఎవరి మూలంగా అయితేనేం, ఈ కొన్ని నెలలే నేను ఈ ఇంట్లో ఉన్నట్టు అనిపించింది.

ధర్మం కాదు. తెలుసు. ఏం చెయ్యను, ఉంది.

వెళ్లండి, ఆయన మళ్లీ గంట కొడుతున్నాడు. తలుపు తియ్యండి.